స్టిక్కర్ మీద పేరు

సీపీయూ డబ్బా పక్క తలుపు తీసి చూస్తే ఎస్‌ఎంపీఎస్ మీద ఒక స్టిక్కర్ ఉంటది. 450 వాట్స్ అనో, 550 వాట్స్ అనో రాసి ఉంటది. వాట్ అనేది ఒక మనిషి పేరని మనకు స్కూల్లోనే చెప్పారు. కానీ గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు మనం అడిగే ప్రశ్న దగ్గరే ఆ మనిషి జీవితం మలుపు తిరిగిందని ఎవరూ చెప్పలేదు. సప్లై సరిపోతుందా, సరిపోదా?

జేమ్స్ వాట్ 1736 జనవరి 19న స్కాట్లాండ్‌లోని గ్రీనాక్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. చిన్నప్పుడు ఆరోగ్యం అంతంతమాత్రం, బడికి పోయింది తక్కువ. తండ్రి పనిముట్ల మధ్యే చెయ్యి తిరిగింది. లండన్‌లో ఏడాది పాటు కొలత పరికరాల తయారీ నేర్చుకొని వచ్చాడు. 1757లో గ్లాస్గో యూనివర్సిటీ తన ఆవరణలోనే చిన్న వర్క్‌షాప్ పెట్టుకోనిచ్చింది. ఆయనకు డిగ్రీ లేదు. అప్పటికి రిపేర్లు చేసే మనిషి, అంతే.

1763-64 చలికాలంలో న్యూకమెన్ ఆవిరి యంత్రం మోడల్ ఒకటి ఆయన దగ్గరికి రిపేరుకు వచ్చింది. క్లాసులో చూపించడానికి చేసిన చిన్నది. పెద్ద యంత్రాలు గనుల్లో నీళ్లు తోడుతూ బాగానే నడుస్తున్నాయి. ఇది మాత్రం బాగు చేశాక కూడా కొన్ని స్ట్రోకులు కొట్టి ఆగిపోయేది. చూడ్డానికి బాయిలర్ సైజు సరిపోయేట్టే ఉంది. అయినా అదిచ్చే ఆవిరి సిలిండర్‌కు చాలట్లేదు.

మనమైతే పెద్ద బాయిలర్ పెట్టేవాళ్లం. వాట్ ముందు లెక్క తీశాడు. ఒక్కో స్ట్రోకుకు సిలిండర్ నిండేంత ఆవిరి చాలాలి కదా, మరి దానికి ఎన్నో రెట్లు ఎందుకు ఖర్చవుతోంది? కారణం దొరికింది. ప్రతి స్ట్రోకులో ఆవిరిని నీళ్లుగా మార్చడానికి సిలిండర్ లోపల చన్నీళ్లు చల్లేవారు. దాంతో సిలిండర్ చల్లబడేది. తర్వాత వచ్చే ఆవిరిలో ఎక్కువ భాగం ఆ లోహాన్ని మళ్లీ వేడి చేయడానికే పోయేది. చిన్న సిలిండర్‌లో లోపలి జాగాతో పోలిస్తే గోడ వైశాల్యం ఎక్కువ, అందుకే మోడల్‌లో నష్టం ఇంకా ఎక్కువ.

1765లో ఒక ఆదివారం గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుంటే దారి తట్టింది. ఆవిరిని సిలిండర్‌లో కాకుండా పక్కన వేరే పాత్రలో చల్లబరచాలి. అప్పుడు సిలిండర్ ఎప్పుడూ వేడిగా, ఆ పాత్ర ఎప్పుడూ చల్లగా ఉంటాయి.

ఐడియా వచ్చినంత తొందరగా డబ్బులు రాలేదు. 1769లో పేటెంటు వచ్చింది గానీ ఇల్లు గడవడానికి కాలువల సర్వే పనులు చేయాల్సి వచ్చింది. పెట్టుబడి పెట్టిన జాన్ రోబక్ 1773లో దివాలా తీశాడు. అదే ఏడు వాట్ భార్య మార్గరెట్ చనిపోయింది. 1775లో బర్మింగ్‌హామ్ వ్యాపారి మాథ్యూ బౌల్టన్ భాగస్వామి అయ్యాక గానీ బండి కదల్లేదు. అదే ఏడాది పార్లమెంటు ఆ పేటెంటును 1800 దాకా పొడిగించింది. ఆ కాలంలో ఆయన పోటీదారులను కోర్టులకు ఈడ్చాడు కూడా. అది కూడా ఆయన కథలో భాగమే.

గని యజమానులతో లెక్క సులువు. పాత యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు ఖర్చులో మూడో వంతు తీసుకునేవారు. మిల్లుల దగ్గర ఆ లెక్క కుదరలేదు, అక్కడ తిప్పేవి గుర్రాలు. అందుకే ఒక గుర్రం పనిని అంకెలో పెట్టాడు. 33,000 పౌండ్ల బరువును నిమిషంలో ఒక అడుగు ఎత్తితే ఒక హార్స్‌పవర్. మామూలు గుర్రం రోజంతా అంత పని చేయలేదు. అంటే ఆయన లెక్క కొనేవాడి వైపే మొగ్గింది.

మా బుగ్గారంలో ఇప్పటికీ రోజూ నడిచేది ఆ మాటే. బాయి మోటరు ఎంతది అంటే ఐదు హెచ్‌పీ అంటరు. ఒక హెచ్‌పీ దాదాపు 746 వాట్లు, ఐదు హెచ్‌పీ అంటే 3.73 కిలోవాట్లు. నాలుగు మోటర్లకు సరిపోయే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆరేడు మోటర్లు నడిపితే అది కాలిపోతది. వరి పొట్ట మీద ఉన్నప్పుడు కాలిందంటే పొలం ఎండుతది. ట్రాన్స్‌ఫార్మర్‌ను తిట్టి లాభం లేదు, లోడు లెక్క ముందే తీయాలి.

మా చిన్నాయిన కొడుకు పీసీకి నేను తీసిన లెక్క కూడా ఇదే. వాడు అడిగింది ఆర్‌టీఎక్స్ 3060, అది 170 వాట్లు తాగుతది. వాడి ఐ5-12400 ప్రాసెసర్ గరిష్ఠంగా 117 వాట్లు. రెండూ కలిపి 287. ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 అని ఉంది, వాడికి అదే ధైర్యం. కానీ కార్డుకూ ప్రాసెసర్‌కూ కరెంటు వచ్చేది 12 వోల్టుల లైన్ నుంచి. స్టిక్కర్ మీద కింద చిన్న అక్షరాల్లో ఆ లైన్‌కు 18 ఆంపియర్లు అని ఉంది. 12 ఇంటూ 18, 216 వాట్లు. మదర్‌బోర్డు, ఫ్యాన్లు కలపకముందే చాలట్లేదు. కార్డు కంపెనీ కూడా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలంటది. అందుకే మంచి ఎస్‌ఎంపీఎస్ ముందు, కార్డు తర్వాత అని చెప్పిన. మూతి ముడుచుకున్నడు గానీ, ఆగిండు. ఆ పైసలు రెండు పంటల మీద చిన్నాయిన పక్కకు పెట్టినవి.

వాట్ 1819 ఆగస్టు 25న, 83 ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్ దగ్గర హాండ్స్‌వర్త్‌లోని తన ఇంట్లో కన్నుమూశాడు. కరెంటుతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. ఆయన పోయాక 63 ఏళ్లకు, 1882లో విలియం సీమెన్స్ అనే ఇంజినీరు పవర్ కొలతకు ఆ పేరు ప్రతిపాదించాడు. అది ఆయన ఇంజిన్ల గొప్పతనానికి ఇచ్చిన గౌరవం. నాకు మాత్రం ఆ పేరు చూస్తే, ఆగిపోయిన బొమ్మ ఇంజిను ముందు కూర్చొని, ఇచ్చేది ఎంత, తాగేది ఎంత, మధ్యలో పోయేది ఎంత అని విడివిడిగా కొలిచిన రిపేరు మనిషే గుర్తొస్తాడు. మీరు కార్డు ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి స్టిక్కర్‌లో కింది లైన్ చదవండి.