లైసెన్స్ ఒకటి, విమానం తాళం ఇంకొకటి: లేడీ హీత్ కథ

స్వోర్డ్స్‌లో ఉండేవాళ్లకి విమానాల చప్పుడు కొత్త కాదు. డబ్లిన్ ఎయిర్‌పోర్టు పక్కనేగా! కానీ ఈ ఎయిర్‌పోర్టు రాకముందే, ఫింగ్లాస్ దగ్గర కిల్డోనన్‌లో ఒక ఏరోడ్రోమ్ ఉండేదని, అక్కడ విమాన కంపెనీ నడిపిన ఐరిష్ మహిళ ఒకరున్నారని మనలో చాలామందికి తెలియదు. ఆవిడే లేడీ మేరీ హీత్.

అసలు పేరు సోఫీ పియర్స్-ఎవాన్స్. 1896లో లిమరిక్ కౌంటీలో పుట్టారు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడే మతి చెడిన తండ్రి చేతిలో తల్లి హత్యకి గురైంది. న్యూకాజిల్ వెస్ట్‌లో తాతగారు, మేనత్తలు పెంచారు. డబ్లిన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో చదివారు. నేనూ సైన్స్ గ్రాడ్యుయేట్‌నే కాబట్టి ఈ ముక్క దగ్గర కాసేపు ఆగాను. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలు ఎంతమంది ఉండి ఉంటారు!

మొదటి ప్రపంచయుద్ధంలో మోటార్‌సైకిల్ మీద సైన్యానికి కబుర్లు మోశారు. తర్వాత ఆటల పోటీలు, ఆడవాళ్ల అథ్లెటిక్స్ సంఘం స్థాపన. 1925లో లండన్‌లోని ఫ్లయింగ్ క్లబ్‌లో చేరి పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నారు.

అసలు గొడవ అక్కడ మొదలైంది. ప్రయాణికుల్ని తీసుకెళ్లే విమానాల్లో ఆడవాళ్లకి సిబ్బందిగా ఉద్యోగం ఇవ్వకూడదని 1924లోనే అంతర్జాతీయ విమానయాన కమిషన్ తీర్మానించింది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు విమానం నడపలేరన్నది వాళ్ల అనుమానం. ఆవిడ వాదనతో ఊరుకోలేదు. నెలలో ఏ రోజైనా సరే నన్ను పరీక్షించుకోండని ముందుకొచ్చారు. పరీక్షలన్నీ నెగ్గారు. 1926లో ఆ నిషేధం ఎత్తేశారు. బ్రిటన్‌లో కమర్షియల్ లైసెన్స్ పొందిన మొదటి మహిళ ఆవిడే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మరిదికి ఈమధ్యే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చింది. కనీసం 45 గంటలు ఎగిరి, పరీక్షలు రాసి సంపాదించాడు. తీరా క్లబ్‌కి వెళ్తే, ఇన్‌స్ట్రక్టర్‌తో చెక్ ఫ్లైట్ అయ్యేదాకా విమానం ఇవ్వమన్నారట. పాపం, ముఖం మాడ్చుకుని వచ్చాడు. నాకైతే క్లబ్ వాళ్లదే న్యాయం అనిపించింది. విమానం వాళ్లది, ఇన్సూరెన్స్ వాళ్లది. నేర్చుకున్న మోడల్ వేరు, అద్దెకిచ్చేది వేరు. గాల్లో వేగం తగ్గి విమానం జారితే ఎలా సర్దుకుంటావు, ఇంజన్ ఆగితే ఏ పొలంలో దించుతావు, పక్కగాలిలో రన్‌వే మీదికి ఎలా వస్తావు అని చూస్తారు. ఆ తర్వాత కూడా, పక్కన మనుషుల్ని ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు చేసి ఉండాలని యూరప్ నియమం. ఇవి చేతిని చూసే పరీక్షలు. 1924 నాటి నియమం చేతిని చూడలేదు, మనిషిని చూసి తలుపు వేసింది.

1928లో లేడీ హీత్ తెరిచిన కాక్‌పిట్ ఉన్న చిన్న ఏవ్రో ఏవియన్‌లో కేప్‌టౌన్ నుంచి బయల్దేరారు. మూడు వారాల్లో లండన్ చేరదామనుకుంటే నెలలు పట్టింది. బులవాయో దగ్గర వడదెబ్బకి స్పృహ తప్పుతూ ఎలాగో దించారు. ఆడమనిషి ఒంటరిగా సూడాన్ మీదుగా వెళ్లకూడదంటే, తోడుగా ఇంకో పైలట్ విమానం ఎగరాల్సి వచ్చింది. మే 17న క్రాయిడన్‌లో దిగారు. ఆ ఏవియన్‌ని తర్వాత అమీలియా ఇయర్‌హార్ట్ కొన్నారు.

1929లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో విమానం ఒక ఫ్యాక్టరీ కప్పు మీద కూలి తలకి పెద్ద దెబ్బ తగిలింది. బతికారు కానీ మునుపటి మనిషి కాలేదు. అయినా ఐర్లండ్ తిరిగొచ్చి, 1930ల మధ్యలో కిల్డోనన్‌లో మూడో భర్తతో కలిసి డబ్లిన్ ఎయిర్ ఫెర్రీస్ నడిపారు, కుర్ర పైలట్లని తయారుచేశారు.

1939 మేలో లండన్‌లో ట్రామ్ మెట్ల మీంచి పడి చనిపోయారు. 42 ఏళ్లు. మన డబ్లిన్ ఎయిర్‌పోర్టు నుంచి మొదటి విమానం లేచింది ఆ తర్వాత ఎనిమిది నెలలకి, 1940 జనవరిలో.