రాతి మీద చెక్కిన జీవితం: రేకీ గురువు మికావో ఉసుయి

రేకీ పేరు ఇప్పుడు మన పట్టణాల్లోనూ వినిపిస్తోంది. చేతులను శరీరంపై ఆనించి, లేదా కాస్త ఎడంగా ఉంచి, ప్రాణశక్తిని పంపుతామని చెప్పే జపాన్ పద్ధతి ఇది. వేల ఏళ్ల నాటి విద్య అని కొందరు చెబుతుంటారు. నిజానికి దీని వయసు వందేళ్లు దాటిందంతే. దీన్ని మొదలుపెట్టిన మనిషి వివరాలు టోక్యోలోని సైహోజీ ఆలయ శ్మశానంలో ఒక స్మారకశిల మీద ఉన్నాయి.

ఆయన పేరు మికావో ఉసుయి. 1865 ఆగస్టు 15న గిఫు ప్రాంతంలోని తానియాయి గ్రామంలో పుట్టారు. ఆయనకు మూడేళ్లు నిండకముందే జపాన్‌లో మెయిజీ చక్రవర్తి పాలన వచ్చింది. కొత్త బడులు, రైళ్లు, పడమటి చదువులు వచ్చిన కాలంలో ఆయన పెరిగారు. చరిత్ర, వైద్యం, మనస్తత్వశాస్త్రం, బౌద్ధ, క్రైస్తవ గ్రంథాలు చదివారని, విదేశాలు తిరిగారని శిల చెబుతుంది. ఎంత కష్టపడినా కలిసిరాలేదని, అయినా వెనక్కి తగ్గలేదని కూడా చెబుతుంది.

1922లో క్యోటో దగ్గరి కురామా కొండపై 21 రోజులు ఉపవాసం, ధ్యానం చేశారు. అక్కడే ఆ శక్తి తనకు అనుభవంలోకి వచ్చిందని ఆయన నమ్మారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో టోక్యో చేరి ఒక సంఘం పెట్టి, నేర్పడం మొదలుపెట్టారు. కోపం, దిగులు విడిచి, కృతజ్ఞతతో, శ్రద్ధగా పనిచేస్తూ, తోటివారిపై దయతో ఉండాలన్నది ఆయన బోధనలో ముఖ్యభాగం.

1923 సెప్టెంబరు 1న మహాభూకంపం టోక్యో, యోకొహామాలను నేలమట్టం చేసింది. లక్షమందికి పైగా చనిపోయారు. ఉసుయి రోజూ వీధుల్లో తిరుగుతూ గాయపడినవారి దగ్గర కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన పేరు దేశమంతా పాకింది. 1926 మార్చి 9న, ఫుకుయామాలో ఉండగా పక్షవాతంతో కన్నుమూశారు. మరుసటి ఏడాది శిష్యులు ఆ శిలను నిలిపారు. ఆయన వద్ద నేర్చుకున్నవారు రెండువేలకు పైనే అని అందులో రాశారు.

ఆ శిష్యుల్లో ఒకరు నౌకాదళ మాజీ అధికారి చుజిరో హయాషి. ఆయన టోక్యోలో నడిపిన చికిత్సాలయానికి 1935లో హవాయో తకాతా అనే మహిళ వచ్చారు. ఆమె హవాయి దీవుల్లో, చెరకు తోటల్లో పనికి వలసవెళ్లిన జపాన్ కుటుంబంలో పుట్టారు. రేకీ నేర్చుకుని 1937లో హవాయికి తిరిగివెళ్లారు. అమెరికాకు, అక్కడినుంచి లోకానికి రేకీని అందించింది ఆమే. 1980లో మరణించేనాటికి 22 మందిని గురువులుగా తీర్చిదిద్దారు.

అయితే భాష మారేసరికి కథ కూడా మారింది. తకాతా చెప్పిన కథలో ఉసుయి క్రైస్తవ విద్యాలయం పెద్ద, అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో చదివినవారు. పరిశోధకులు ఆరాతీస్తే ఆ సంస్థల రికార్డుల్లో ఆయన పేరే దొరకలేదు. జపాన్ భాష తెలియక, ఆంగ్ల పుస్తకాలు దశాబ్దాలపాటు ఆ కథనే తిరిగి అచ్చువేశాయి. శిలపై రాతను చదివి అనువదించాకే అసలు జీవితం బయటపడింది. ఆ శిల కూడా శిష్యులు గురువును పొగుడుతూ రాసినదే. అందులోని మాటలనూ అలా ఎంచి చదువుకోవాల్సిందే.

ఇక చికిత్స మాట. రేకీ చెప్పే శక్తి ఉన్నట్లు ఇంతవరకు ఏ పరికరంతోనూ రుజువు కాలేదు. అది రోగాన్ని నయం చేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు. ఆత్మీయంగా చెయ్యివేస్తే మనసు కుదుటపడవచ్చు, అంతవరకు మేలే. కానీ బిడ్డకు జ్వరమో, మూర్ఛో వచ్చినప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకూడదు. డాక్టరు రాసిన మందు ఆపకూడదు. ఉసుయి జీవితం గురించి పిల్లలు అడిగితే ఉన్నది ఉన్నట్లు చెబుదాం. ఈ మాట ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, ఎక్కడ రాసి ఉంది అని అడగడమూ నేర్పుదాం.