రైతు గోడును పార్లమెంటుకు వినిపించిన లక్ష్మీనరసు శెట్టి

తామరైపాక్కం ఆనకట్ట వద్ద మళ్లిన కుశస్థలి నీరు షోలవరం చెరువు చేరి మదరాసు నగరపు దాహం తీర్చుతున్నది. ఆ నగరంలోనే పుట్టి, పల్లె రైతు బాధను తన బాధగా భావించిన ఒక తెలుగు వర్తకుని పేరు నేడు మన పిల్లలకు తెలియదు. ఆయనే గాజుల లక్ష్మీనరసు శెట్టి గారు.

శెట్టి గారు 1806లో మదరాసులో వర్తక కుటుంబాన జన్మించారు. వ్యాపారంలో విశేషంగా ధనం ఆర్జించారు. ఆ ధనంతో 1844లో క్రెసెంట్ అనే ఆంగ్ల పత్రికను నెలకొల్పి ప్రజల పక్షాన నిలిచారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించారు. చట్టాలు, కోర్టులు, పన్నులు సామాన్యుని బ్రతుకును ఏ విధంగా తాకుతున్నవో పరిశీలించి ప్రభుత్వానికి తెలుపుట ఆ సంఘం పని. పన్నుల భారం, కోర్టులలో జాప్యం, నీటి వనరుల పట్ల అశ్రద్ధ మొదలైన వాటిని వివరిస్తూ ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు పంపింది.

ఆ రోజుల్లో మన తిరువళ్లూరు ప్రాంతం చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. శిస్తు వసూలు చేసే తాలూకా ఉద్యోగుల చేతిలోనే పోలీసు అధికారం కూడా ఉండేది. శిస్తు కట్టలేని రైతును ఎండలో వంచి నిలబెట్టేవారు. వ్రేళ్లను కిట్టి కర్రల మధ్య నొక్కేవారు. కొట్టినవాని వద్దకే వెళ్లి ఫిర్యాదు చేసుకోవలసిన దుస్థితి.

1853లో డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు మదరాసుకు రాగా, శెట్టి గారు ఆయనను వెంటబెట్టుకొని పల్లెలు తిప్పి రైతుల స్థితిని కళ్లారా చూపించారు. మరుసటి ఏడు సేమర్ ఈ విషయాన్ని పార్లమెంటులో లేవనెత్తగా, చిత్రహింసలపై విచారణ సంఘం ఏర్పడింది. ఆ సంఘానికి 1,959 ఫిర్యాదులు అందాయి. హింస నిజమేనని 1855 నివేదిక అంగీకరించింది. పిదప 1859 చట్టంతో పోలీసు శాఖ రెవెన్యూ శాఖ నుండి వేరుపడింది.

1863లో శెట్టి గారు మదరాసు శాసనసభలో సభ్యులయ్యారు. అయితే ఆర్జించిన ధనమంతా ప్రజాకార్యాలకే ఖర్చయిపోయింది. 1868లో పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన సంఘం కూడా క్షీణించింది. ప్రజల కోర్కెలను ప్రభుత్వానికి విన్నవించే పనిని 1884లో మద్రాసు మహాజన సభ తిరిగి చేపట్టింది.

నేడు శిస్తు బాకీ పడిన రైతును కొట్టే హక్కు ఏ ఉద్యోగికీ లేదు. ఈ మాట మనకు సహజంగా తోస్తుంది. కాని దాని వెనుక, భయం వీడి ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పిన పల్లె రైతులు, వారి గోడును సముద్రం దాటించిన ఒక తెలుగువాడు ఉన్నారు. ఈ సంగతి మన బిడ్డలకు చెప్పుదాం.