చదువుకు లయ నేర్పిన రవీంద్రుడు

పిల్లలూ! జనగణమన ఎవరు రాశారని అడిగితే మీరంతా వెంటనే రవీంద్రనాథ్ ఠాగూర్ అని చెబుతారు. ఆయనకు 1913లో నోబెల్ బహుమతి వచ్చిందని కూడా మీలో చాలామందికి తెలుసు. కానీ అంత గొప్ప కవికి చిన్నప్పుడు బడి అంటే భయమని తెలుసా? పెద్దయ్యాక ఆయనే ఒక బడి పెట్టి, అందులో పాటకూ నృత్యానికీ చదువుతో సమానంగా చోటిచ్చారు. ఆ కథే ఇది.

రవీంద్రుడు 1861 మే 7న కలకత్తాలోని జొరసాంకో భవనంలో పుట్టాడు. తండ్రి దేవేంద్రనాథ్, తల్లి శారదాదేవి. ఆ పెద్ద కుటుంబంలో ఇతడే చిన్నవాడు. మొదట చేరిన బడిలో పాఠం అప్పజెప్పలేని పిల్లవాణ్ణి బెంచీ మీద నిలబెట్టి, చాచిన చేతుల మీద పలకలు పేర్చేవారు. అది చూసిన చిన్నారి రవి ఇంటికొచ్చి వరండా కటకటాలనే విద్యార్థులుగా చేసుకుని, బెత్తం పట్టుకుని వాటిని కొట్టే ఆట ఆడేవాడు. పిల్లలు తాము చూసినదే నేర్చుకుంటారు కదా!

తరువాత చేరిన బడిలో రోజూ ఒక ఇంగ్లీషు పాట పాడించేవారు. దాని అర్థం ఒక్కరికీ తెలియదు. పిల్లల నోళ్ళలో పడి ఆ మాటలు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. ఇక ఇంట్లో తెల్లవారుజామున కుస్తీతో మొదలై లెక్కలు, బొమ్మలు, జిమ్నాస్టిక్స్ దాటి రాత్రి ఇంగ్లీషు వరకు ట్యూషన్లే. దీపం ముందు పుస్తకం తెరిస్తే చాలు, రవికి కునికిపాట్లు వచ్చేవి. ఈనాటి మన పిల్లల దినచర్య గుర్తుకొస్తోంది కదూ!

అయితే ఆ రోజుల్లోనే ఒక అద్భుతం జరిగింది. గుణింతాలతో కుస్తీ పడుతున్న రవికి వాచకంలో వాన గురించి, కదిలే ఆకు గురించి ప్రాసతో ఉన్న రెండు చిన్న మాటలు కనిపించాయి. చదవడం అయిపోయినా వాటి లయ రోజంతా అతని మనసులో ఆడుతూనే ఉంది. కవిత్వంతో తనకు కలిగిన తొలి పరిచయం అదేనని ఆయన పెద్దయ్యాక తన జ్ఞాపకాలలో రాసుకున్నారు.

నాలుగు బడులు మారినా రవి ఏ బడిలోనూ చదువు పూర్తి చేయలేదు. 1878లో ఇంగ్లండు వెళ్ళి, 1880లో డిగ్రీ లేకుండానే తిరిగి వచ్చాడు.

1901 డిసెంబరు 22న బోల్పూరు దగ్గర, తండ్రి ఏర్పరచిన శాంతినికేతన్‌లో ఠాగూర్ తన బడిని ప్రారంభించారు. మొదట విద్యార్థులు ఐదుగురే. వారిలో ఆయన పెద్దకొడుకు రథీంద్రనాథ్ ఒకడు. చెట్ల నీడలో పాఠాలు, తెల్లవారగానే పాటలు, కావాలంటే చెట్టెక్కే స్వేచ్ఛ! ఈ బడి నడపడానికి భార్య మృణాళినీదేవి తన నగలు ఇచ్చేశారు. పూరీలోని ఇల్లు కూడా అమ్మేశారు. బడి పెట్టి ఏడాది తిరగకముందే ఆమె కన్నుమూశారు. 1903లో కూతురు రేణుక పోయింది. 1907 మొదట్లో చిన్నకొడుకు శమీంద్ర, స్నేహితులతో కలిసి ఋతువుల వేషాలు వేసి వసంతోత్సవం జరిపాడు. ఆ ఏడాది చివర్లోనే, పదకొండేళ్ళు నిండకుండానే కలరాతో చనిపోయాడు. అంత దుఃఖంలోనూ ఠాగూర్ బడిని మూయలేదు. ఋతువుల పండుగలూ ఆగలేదు. నేటికీ శాంతినికేతన్‌లో వసంతోత్సవం అంటే పాట, నృత్యం, రంగులే.

1918లో ఆయన చిలుక చదువు గురించి ఒక కథ రాశారు. రాజుగారి పండితులు చిలుకకు చదువు చెప్పాలని దాని నోట్లో కాగితాలు కుక్కుతారు. పాట పోతుంది, ఎగరడం పోతుంది, చివరికి ప్రాణమే పోతుంది. తల్లిదండ్రులందరూ చదవవలసిన కథ ఇది.

1919లో ఆయన మన మదనపల్లెకు వచ్చారు. అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో జనగణమన పాడి వినిపించి, దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పాట బాణీకి స్వరాలు రాయడంలో మార్గరెట్ కజిన్స్ తోడ్పడ్డారు. పిఠాపురం వైణికులు సంగమేశ్వరశాస్త్రి గారి వీణ విని ముగ్ధులై వారిని శాంతినికేతన్‌కు పిలిపించుకున్నారు కూడా.

అదే ఏడాది నవంబరులో సిల్హెట్‌లో మణిపురి నృత్యం చూసి ఠాగూర్ పరవశించిపోయారు. త్రిపుర నుంచి బుద్ధిమంత సింగ్ అనే గురువును రప్పించారు. మొదట మగపిల్లలకు, మృదంగం దెబ్బకు తగ్గట్టు చేసే వ్యాయామంలా నేర్పించారు. ఎందుకంటే ఆ కాలంలో మంచి కుటుంబాల పిల్లలు నాట్యం చేయడం తప్పనుకునేవారు. 1926లో నటీర్ పూజ నాటకంలో చిత్రకారుడు నందలాల్ బోస్ కూతురు గౌరి నృత్యం చేసింది. మరుసటి ఏడాది కలకత్తాలో ప్రదర్శిస్తే విమర్శలు వచ్చాయి. ఠాగూర్ వెనక్కి తగ్గలేదు.

పిల్లవాడు తలతో మాత్రమే కాదు, ఒళ్ళంతటితో ఆలోచిస్తాడని ఆయన నమ్మకం. కాళ్ళూ చేతులూ కట్టేసినట్టు గంటలకొద్దీ కూర్చోబెడితే మనసు కూడా బిగుసుకుపోతుందని, కదలిక ఉంటే భావం తేలికగా బయటికి వస్తుందని తనతో పనిచేసిన ఎల్మ్‌హర్స్ట్ వంటివారికి వివరించేవారు.

1936లో చిత్రాంగద నృత్యనాటకంతో 74 ఏళ్ళ వయసులో, ఆరోగ్యం బాగాలేకపోయినా, విద్యార్థులను వెంటబెట్టుకుని విరాళాల కోసం ఊరూరా తిరిగారు. ఇది తెలిసి గాంధీగారు బాధపడి 60,000 రూపాయలు సమకూర్చి ఆ పర్యటన ఆపించారు. 1941 ఆగస్టు 7న, తాను పుట్టిన జొరసాంకో ఇంట్లోనే ఠాగూర్ తుదిశ్వాస విడిచారు. 2023లో శాంతినికేతన్ యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేరింది.

తల్లిదండ్రులారా! పరీక్షలు దగ్గర పడగానే మనం మొదట మాన్పించేది డాన్సు క్లాసే. ఠాగూర్ మాత్రం అప్పుల్లో ఉన్నప్పుడు కూడా తన బడిలో ఆ గంటను తీసివేయలేదు. పిల్లలూ! హోంవర్కుతో తల బరువెక్కితే పుస్తకం పక్కన పెట్టి లేవండి. ఒక వేమన పద్యం చేతితో తాళం వేస్తూ పాడండి, తమ్ముడితోనో చెల్లితోనో నాలుగు అడుగులు కోలాటం ఆడండి. ఆ తర్వాత మళ్ళీ పుస్తకం తెరవండి.