బరువు తీసేసిన మనిషి

మాది తనకల్లు. కదిరి-మదనపల్లె రోడ్డు మీద ఇప్పుడు ఎటు చూసినా ఎత్తైన ఎస్‌యూవీలే. వాటిలో కొన్ని మన పెనుకొండ కియా ఫ్యాక్టరీలో పుట్టినవే. ఇదే కియా 1996లో కొరియాలో ఎలాన్ అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు చేసిందంటే హాస్టల్లో ఎవరూ నమ్మలేదు. ఆ డిజైన్ లోటస్ నుంచి కొన్నది. లోటస్ పెట్టినవాడు కాలిన్ చాప్‌మన్. సివిల్ వాళ్లు కాలర్ ఎగరేయొచ్చు, ఆయన చదివింది స్ట్రక్చరల్ ఇంజనీరింగ్!

1928 మే 19న లండన్ పక్కన రిచ్‌మండ్‌లో పుట్టాడు. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో చేరాడు. ఫైనల్ మ్యాథ్స్ పేపర్ పోయింది. 1949లో మళ్లీ రాసి, ఏడాది ఆలస్యంగా డిగ్రీ తెచ్చుకున్నాడు. సప్లీ ఉన్నవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోండి. ఈలోపే పాత ఆస్టిన్ సెవెన్‌ని విప్పి తొలి కారు కట్టేశాడు. 1952లో, కాబోయే భార్య హేజెల్ ఇచ్చిన 25 పౌండ్లతో లోటస్ మొదలైంది.

ఆయన లెక్క సింపుల్. పవర్ పెంచితే కారు తిన్నటి రోడ్డు మీదే వేగం. బరువు తగ్గిస్తే పికప్, బ్రేకు, మలుపు అన్నీ బాగుపడతాయి. అందుకే ఒక్కో పార్టు చేత రెండు పనులు చేయించాడు. 1962 నాటి లోటస్ 25 రేసు కారులో బాడీయే ఛాసిస్. 1967 నాటి లోటస్ 49లో ఇంజనే వెనక సగానికి ఆధారం. రోడ్డు కార్లలో 1957 నాటి సెవెన్ సుమారు 500 కిలోలు. 1962 ఎలాన్ 700 కిలోల లోపే. ఆయన బతికుండగా లోటస్‌కి ఫార్ములా వన్‌లో 7 కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లు వచ్చాయి.

కానీ తేలిక ఊరికే రాలేదు. కార్లు మరీ బలహీనంగా ఉన్నాయని డ్రైవర్ యోహన్ రింట్ 1969లోనే ఆయనకు ఉత్తరం రాశాడు. 1970లో మోంజాలో ముందు బ్రేక్ షాఫ్ట్ విరిగి రింట్ కారు అదుపు తప్పింది. సరిగా బిగించని బారియర్‌కి గుద్దుకుని ప్రాణం పోయింది. ఆ ఏడాది ఛాంపియన్ అతనే, అందుకోడానికి మాత్రం లేడు.

1982 డిసెంబర్ 16న గుండెపోటుతో చాప్‌మన్ పోయాడు. వయసు 54. డెలోరియన్ కారు ప్రాజెక్టు డబ్బు మాయమైన కేసులో, ఆయన ఉంటే ఆయనకీ జైలు శిక్ష పడేదని తర్వాత జడ్జి తేల్చారు.

1996లో 725 కిలోలతో వచ్చిన లోటస్ ఎలీస్ 2021లో ఆగిపోయింది. ఇప్పుడు లోటస్ కూడా ఎస్‌యూవీ అమ్ముతోంది, దాదాపు రెండున్నర టన్నులు! బ్యాటరీలు, ఏసీలు, పెద్ద స్క్రీన్లు, జనం కోరిన ఎత్తు. అన్నీ కలిసి డ్రైవర్ చేతిలోని ఆ ఫీల్‌ని మింగేశాయి. నాకు బాధే. అయితే ఆ బరువులో ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయి.

మా ఊళ్లో చెనక్కాయలు తూర్పారబట్టేటప్పుడు తాలు ఎగిరిపోవాలి, కాయ నిలవాలి. గాలి మరీ ఎక్కువైతే మంచి కాయా పోతుంది. చాప్‌మన్‌కి గాలి బాగా తెలుసు. ఎక్కడ ఆపాలో మాత్రం ప్రతిసారీ తెలియలేదు. మన ప్రాజెక్టులో ఒక బోల్టు తీసేసే ముందు ఈ రెండో సగం గుర్తుంచుకుందాం.