Swami Jnanananda: హిమాలయాల్లో యోగి.. యూరప్‌లో ఎక్స్‌రే సైంటిస్ట్! ఈ గోదావరి బిడ్డ గురించి తెలుసా?

బిచ్కుందలో అడిగినా, భీమవరంలో అడిగినా ఎక్స్‌రే అంటే ఎముక విరిగితే తీసే ఫోటో అనే చెబుతారు. కానీ గాలిలో కాస్త దూరం కూడా వెళ్లలేని ఎక్స్‌రేలు కూడా ఉన్నాయి. వాటినే మృదు ఎక్స్‌రేలు అంటారు. అవి కనిపించాలంటే ముందు గాలిని తోడేయాలి. అలాంటి ఎక్స్‌రే పరిశోధనలో, శూన్యం సృష్టించే విద్యలో పేరు తెచ్చుకున్న తెలుగువాడే స్వామి జ్ఞానానంద.

అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబర్ 5న భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. చిన్న వయసులోనే ఇల్లు వదిలి, హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. 1927లో జర్మనీ వెళ్లాక మనసు ఫిజిక్స్ వైపు మళ్లింది. ముప్పై దాటిన వయసులో మళ్లీ విద్యార్థి అయ్యారు! ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ డోలెజ్‌షెక్ దగ్గర ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీపై పనిచేసి డాక్టరేట్ అందుకున్నారు.

ఇంతకీ ఆ పని ఏంటంటే..
వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్ లోహాన్ని గుద్దితే, పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోతుంది. ఆ ఖాళీలోకి పైనున్న ఎలక్ట్రాన్ దూకుతుంది. అప్పుడే ఎక్స్‌రే పుడుతుంది. రాగికి ఒక తరంగదైర్ఘ్యం, ఇనుముకు మరొకటి. అంటే అది లోహం వేలిముద్ర లాంటిదన్నమాట.

తర్వాత ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పరిశోధన చేశారు. అక్కడి నుంచి అమెరికాలోని మిషిగన్ వెళ్లారు. 1947లో ఆయన రాసిన ‘హై వాక్యువా’ పుస్తకం న్యూయార్క్‌లో అచ్చయింది. శూన్యాన్ని ఎలా తయారు చేయాలి, ఎలా కొలవాలి అన్నదే దాని విషయం.

మీటర్‌ను మోసం చేసిన ఎక్స్‌రే
ఆ రోజుల్లో శూన్యాన్ని కొలిచే అయాన్ గేజ్‌లు ఒక స్థాయి దగ్గర ఆగిపోయేవి. పంపు ఎంత తోడినా రీడింగ్ దిగేది కాదు. అదే 1947లో అమెరికన్ శాస్త్రవేత్త నాటింగ్‌హామ్ అసలు కారణం ఇదై ఉండొచ్చని చెప్పారు. గేజ్‌లో ఎలక్ట్రాన్లు లోహపు గ్రిడ్‌ను తాకగానే మృదు ఎక్స్‌రేలు పుడుతున్నాయి. అవి ఎదురుగా ఉన్న కలెక్టర్ రేకుపై పడి, దాని నుంచి ఎలక్ట్రాన్లను లాగేస్తున్నాయి. ఒక ఎలక్ట్రాన్ బయటికి పోయినా, ఒక పాజిటివ్ అయాన్ లోపలికి వచ్చినా మీటర్‌కు రెండూ ఒకటే. అందుకే లేని గాలిని ఉన్నట్టు చూపించేది. 1950లో బయార్డ్, ఆల్పర్ట్ ఆ రేకు బదులు సన్నని తీగ పెట్టారు. తీగపై పడే ఎక్స్‌రేలు చాలా తక్కువ. అంతే, చిక్కు వీడింది!

విదేశాల్లోనే స్థిరపడే వీలున్నా జ్ఞానానంద తిరిగొచ్చేశారు. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో కొన్నేళ్లు పనిచేశారు. ఆ తర్వాత విశాఖలోని ఆంధ్ర యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కు పునాది వేశారు. అక్కడ ఎందరో విద్యార్థులను పరిశోధకులుగా తీర్చిదిద్దారు. 1969 సెప్టెంబర్ 21న కన్నుమూశారు. అక్కడి అణు పరిశోధన ల్యాబ్‌లకు ఆయన పేరే పెట్టారు. చదువుకు వయసు దాటిపోయిందని అనుకునేవాళ్లకు ఈ స్వామి జీవితమే సమాధానం.