యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు) ప్రముఖ జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలకు, నిరంతరం శ్రమించే గుండెకు శక్తి ఎలా అందుతుందో తెలిపిన పరిశోధకులలో ఆయన ఒకరు.

బాల్యము, విద్య

సుబ్బారావు నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడై, తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళడం ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, ఉన్నత విద్యకై అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయింది.

పరిశోధనలు

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే విధానాన్ని రూపొందించాడు. ఈ విధానం ద్వారా వారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఏటీపీ)ను కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా గుర్తించాడు. అంతవరకు లాక్టిక్ ఆమ్లం ఏర్పడటమే కండర సంకోచానికి మూలమని భావించేవారు.

ఏటీపీ చేతిలోని రొక్కం వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ దానిని వెంటనే భర్తీచేసే నిల్వ. గుండెలోని ఏటీపీ కొద్ది స్పందనలకే సరిపోతుంది. కనుక అది అనుక్షణం తిరిగి తయారు కావాలి.

వ్యాయామము - హృదయము

స్త్రీ పురుషులిద్దరి గుండెకూ శక్తినిచ్చేది ఏటీపీయే. అయితే దీర్ఘకాల వ్యాయామానికి గుండె అలవాటుపడే తీరులో తేడాలున్నాయి. ఇద్దరిలోనూ గుండె గదులు విశాలమవుతాయి. పురుషులలో గుండె బరువు, గోడ మందం సగటున ఎక్కువగా పెరుగుతాయి. ఈ తేడాలో కొంత భాగం శరీర పరిమాణం వల్ల వచ్చేదే. 1996లో ఇటలీ పరిశోధకులు 600 మంది మేటి క్రీడాకారిణులను పరీక్షించగా, ఎవరిలోనూ ఎడమ జఠరిక గోడ మందం 12 మి.మీ. దాటలేదు. పురుష క్రీడాకారులలో కొద్దిమందికి మాత్రం అది దాటుతుంది. కాబట్టి క్రీడాకారిణిలో అంతకంటే మందమైన గోడ కనిపిస్తే, అది సాధన ఫలమని సరిపెట్టుకోక వ్యాధి ఉన్నదేమో పరీక్షించాలి.

చివరి దశ

హార్వర్డులో శాశ్వత పదవి లభించకపోవడంతో సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, బోదవ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్, క్యాన్సర్ చికిత్సలో తొలినాటి మందైన ఎమినోప్టెరిన్, ఆరియోమైసిన్ ఆయన నాయకత్వంలోని బృందాల కృషి ఫలితాలు. 53 ఏళ్ళ వయసులో న్యూయార్క్‌లో మరణించాడు. అమెరికా వెళ్ళిన తరువాత మాతృదేశానికి తిరిగి రాలేదు. భారత తపాలా శాఖ 1995లో ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.